టీవీకి వీపు పెట్టిన పెద్దమ్మ

మొన్న గుంటూరు మిర్చి యార్డు దగ్గర బస్సు ఆగినప్పుడు, ఆ ఘాటు ముక్కుకు తగలగానే చిన్నప్పటి కోపం మళ్ళీ వచ్చింది.

మా పెద్దమ్మ వెలుతురు కోసం గుమ్మం వైపు తిరిగి, టీవీకి వీపు పెట్టి మిరపకాయల తొడిమలు తీసేది. డబ్బింగ్ సినిమాలు ఆవిడ చూసేది కాదు, వినేది. నాకేమో వాటిలో ఒక అమెరికా నటి అంటే ప్రాణం.

"పెద్దమ్మా, నిన్న పోలీసు వేషం వేసినావిడే ఇయ్యాల ముసలి రాణి."

"కాదే. గొంతు వేరు."

"ఒక్కసారి ఇటు తిరిగి చూడు."

"చూసేదేముంది? వేషం మారితే గొంతు మారిపోద్దా?"

ఆ నటి కూతురిగా, తల్లిగా, అవ్వగా ఎన్ని సినిమాల్లో కనిపించినా పెద్దమ్మ తల తిప్పలేదు. నాకు ఏడుపొచ్చేది. ఆ నటికి తెలుగు వచ్చనే అనుకునేదాన్ని. డబ్బింగ్ చెప్పేవాళ్ళు సినిమాకొకరని తెలియక, గొంతెందుకు మారుతోందో చెప్పలేకపోయేదాన్ని.

బస్సులోనే ఫోన్‌లో ఆ నటి కోసం వెతికితే ఒక వీడియో దొరికింది. పండు ముసలిదై, నాటకం స్టేజీ మీద సొంత గొంతుతో మాట్లాడుతోంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను.

ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి మాట్లాడుతోంది. ఇన్నేళ్ళకు కూడా పెద్దమ్మే నెగ్గింది, అటు తిరిగి కూర్చునే.