గుమ్మానికి కట్టిన వేపమండ

పుంగనూరు దగ్గర చొక్కాలు కుట్టే కంపెనీలో నేను టైలర్ని. గేటు దగ్గర సెక్యూరిటీ అతను రోజూ మా నుదుటికి థర్మామీటర్ గురిపెడతాడు. దాని బ్యాటరీ అయిపోయి చాన్నాళ్ళయింది. అయినా పెడతాడు, పెట్టి తలూపుతాడు. కరోనా నాటి పోస్టర్లు గోడల మీద ఇంకా ఉన్నాయి, దూరం పాటించమని. ఏం దూరం, నా బొంద! మోచెయ్యికి మోచెయ్యి తగిలేట్టు వేశారు మా మిషన్లు.

నా పక్క మిషన్ అమ్మాయి సోమల ఊరి కోడలు, పుట్టిల్లు కుప్పం. రెండుసార్లు కడుపు పోయాక ఈసారి నాలుగో నెల దాకా నిలబడింది. బస్సు గతుకుల్లో ఊగితే చాలు, నా చెయ్యి గట్టిగా పట్టుకునేది.

ఒకరోజు మా ముందు మిషన్ ఆమె చున్నీ ముఖమంతా చుట్టుకుని వచ్చింది. పెద్దపంజాణి ఊరి మనిషి. చున్నీ జారితే చూశాను, మెడ నిండా నీళ్ళ పొక్కులు. జడలో వేపాకు.

"ఏమ్మా ఇది?"

"అమ్మ పోసిండాది అక్కా. సెలవడిగితే డాక్టరు చీటీ తెమ్మంటాడు సూపర్‌వైజరు. డాక్టరు కాడికి పోతే అమ్మకి కోపమొస్తాదని మా అత్త ఒప్పుకోదు. నన్ను యాడికి పొమ్మంటావు?"

ఆమె మీద నాకు కోపం రాలేదు. సూపర్‌వైజర్ దగ్గరికి పోయాను. అతనిదీ ఈ పక్క ఊరే.

"సార్, ఆయమ్మకి అమ్మ పోసిండాది. ఎనకాలే కడుపుతో ఉండే పిల్ల కూర్చోనుండాది."

"జ్వరానికి సెలవుండాది. అమ్మవారికి సెలవు యాడుండాదమ్మా? షిప్‌మెంట్ ఉండాది, పోయి కూర్చో."

అని నవ్వాడు కూడా. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా ఊళ్ళో అమ్మ పోసిన ఇంటి గుమ్మానికి వేపమండ కడతారు. తలకు నీళ్ళు పోసేదాకా బయటివాళ్ళెవరూ గడప తొక్కరు. కడుపుతో ఉన్నవాళ్ళను ఆ వీధిలోకే పోనివ్వరు. పూరింట్లో ఉన్న ఆ పాటి కట్టుబాటు ఇంత పెద్ద కంపెనీకి లేదా?

భోజనాల వేళ క్యాంటీన్ పక్కనున్న వేపచెట్టు నుంచి రెండు మండలు విరిచాను. కొలత టేపుతో మా హాలు గుమ్మానికి కట్టేశాను. బెల్లు కొట్టారు. అందరూ వచ్చారు, మండ చూశారు, ఆగిపోయారు. ఒక్కరు లోపల అడుగు పెడితే ఒట్టు!

"రాండమ్మా, లోపలికి రాండి!" సూపర్‌వైజర్ అరిచాడు.

"అమ్మ ఉండే ఇంట్లోకి ఎట్ల పోతామప్పా?" అంది ఒక పెద్దామె.

"ఎవరు కట్టినారు? తీసేయండి!"

"మీరే తీయండి సార్," అన్నాను.

విసురుగా వచ్చాడు. చెయ్యెత్తాడు. అంతలో ఎందుకో కిందికి వంగి బూట్లు విప్పాడు, మళ్ళీ చెయ్యెత్తి, దించేశాడు. అతని చేత కాలేదు. మేనేజర్ దిగొచ్చి, ఏ చీటీ లేకుండానే ఆ పొక్కుల మనిషిని కంపెనీ బండిలో ఇంటికి పంపించాడు. ఆ పని పొద్దున చేసుంటే ఏం పోయేది వీళ్ళ సొమ్ము!

నేను పక్క మిషన్ పిల్లను తీసుకుని మదనపల్లె ఆసుపత్రికి పోయాను. చిన్నప్పుడు ఇది వచ్చిందా అని డాక్టరమ్మ అడిగింది. పిల్లకు తెలియదు. కుప్పంలో ఉన్న వాళ్ళమ్మకు ఫోన్ చేసింది.

"మీ అన్నకి పోసినాదమ్మే. నీకు రాలా," అందామె.

చిన్నప్పుడు రానివాళ్ళకు కడుపుతో ఉండగా వస్తే ప్రమాదమంది డాక్టరమ్మ. ఒక ఇంజెక్షన్ తెప్పించి వేసింది. కొన్ని వారాలు ఇంట్లోనే ఉండి ఒళ్ళు చూసుకోమంది, ఒక్క పొక్కు కనపడినా వెంటనే రమ్మంది. పిల్ల రోజూ పొద్దున్నే ఫోన్ చేసేది. నేను హలో అనకముందే, "ఏమీ లేదక్కా," అనేది. ఆ మాట వినేదాకా నేను కాఫీ ముట్టేదాన్ని కాదు.

పొక్కు రాలేదు. ఆడబిడ్డ పుట్టింది, చక్కగా ఉంది. బిడ్డను వాళ్ళ అత్త దగ్గర వదిలి ఆ పిల్ల మళ్ళీ పనిలోకి వచ్చిన రోజు, హాలు గుమ్మం పక్కన కొత్త బోర్డు చూసి ఆగి చదివింది: "ద్వారములకు ఆకులు, మండలు కట్టరాదు."

చదివి ఊరుకోలేదు. గోడ వెంబడే నడుస్తూ, అక్కడున్న బోర్డులన్నీ చూసుకుంటూ పోయి, తిరిగొచ్చి నన్నడిగింది.

"అమ్మ పోసినోళ్ళకి సెలవిస్తామని యాడ రాసిండారు అక్కా? నాకు కనపడలేదే."