విమల ఆంటీ మా పెళ్లికి సాక్షి

స్కార్‌బరో బస్సులో మంచుకు తడిసిన ఉన్ని కోటు వాసన తగిలితే ఇప్పటికీ విమల ఆంటీ గుర్తొస్తారు. ఆ వెంటనే కోపమూ వస్తుంది.

గుంటూరు నుంచి ఎప్పుడో ఈ చలి దేశానికి వచ్చి స్థిరపడిన ఆంటీ, విద్యార్థుల హక్కుల కోసం పనిచేసే ఒక చిన్న సంఘానికి కార్యదర్శి. ఇక్కడి కాలేజీలు మన పిల్లలతో కిక్కిరిసిపోతున్న రోజులవి. నేనూ శ్రావ్యా పక్క ఊరు ఒషావాలో ఒక తెలుగాయన ఇంటి బేస్‌మెంట్‌లో ఉండేవాళ్లం. మేమిద్దరం స్నేహితులం మాత్రమే కాదని తెలిసిన రోజే ఆయన మా పెట్టెలు తీసుకెళ్లి మంచులో పెట్టాడు. ఫోన్ చేస్తే ఆంటీ మంచుకు తడిసిన ఉన్ని కోటుతో బస్సులు మారి వచ్చారు.

"వీళ్లు చేసిన తప్పేంటో నా మొహం మీద చెప్పు" అని నిలదీశారు.

"మా ఇంట్లో పిల్లలున్నారండీ."

"ఉంటే? ఆడపిల్లల్ని చలిలోకి గెంటడం వాళ్లకి నేర్పిస్తున్నావా?"

ఆయన తలుపేసుకున్నాడు. ఆంటీ మమ్మల్ని తన అపార్ట్‌మెంట్‌కి తీసుకెళ్లి అన్నం పెట్టారు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆ వసంతంలో ఇండియాలో స్వలింగ వివాహాల కేసు సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. కులవివక్ష మీద పోరాడేవాళ్లూ, కార్మికుల పక్షాన నిలిచేవాళ్లూ, ఇలా ఇక్కడి హక్కుల సంఘాలు ఒక్కొక్కటే మద్దతు ప్రకటిస్తున్నాయి. మనమూ ప్రకటించాలని ఆంటీ మీటింగ్‌లో పట్టుబట్టారు.

అధ్యక్షుడు ప్రసాద్ గారు నార్త్ యార్క్‌లో ఐటీ ఉద్యోగి. నవ్వుతూనే అన్నారు: "మనది స్టూడెంట్స్ గ్రూప్ మేడమ్. ఇందులో ఇన్వాల్వ్ అయితే కమ్యూనిటీ దూరమవుతుంది. కొన్నాళ్లు ఆగుదాం."

"ఈ పిల్లలు స్టూడెంట్స్ కారా? కులాలు కలవవని నా పెళ్లప్పుడూ ఇలాగే ఆగమన్నారు. ఆగుంటే చచ్చేదాకా ఆగేదాన్ని ప్రసాద్ గారూ!"

కొందరు కుర్చీలు వెనక్కి తోసి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లలో ఎక్కువమంది చేతులెత్తారు. శ్రావ్య చేతిని పట్టుకున్న చేతినే నేనూ ఎత్తాను. తీర్మానం గెలిచింది.

ఆకులు రాలే వేళకి అక్కడి కోర్టు పెళ్లి హక్కు ఇవ్వలేమంది. నేను ఏడుస్తుంటే ఆంటీ ఓదార్చలేదు. ఆమె ముఖం కందగడ్డలా ఉంది. "ఏడుద్దువుగానిలే. ఇక్కడ చట్టం ఉందిగా, ముందు వెళ్లి అప్లై చెయ్యండి" అన్నారు. మా రెండిళ్ల నుంచీ ఒక్కరూ రాని మా పెళ్లికి పట్టుచీర కట్టుకొచ్చి సాక్షిగా నిలబడ్డారు.

మరుసటి ఏడాది గుండెపోటుతో పోయారు. సంస్మరణ సభలో ప్రసాద్ గారు, "అందర్నీ కలుపుకుపోయిన మనిషి. ఏనాడూ ఎవర్నీ నొప్పించలేదు" అన్నారు. ఆ తీర్మానం ఊసే లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. శ్రావ్య చెయ్యి పట్టుకుని వేదికెక్కి మైకు అందుకున్నాను.

"మిమ్మల్ని నొప్పించారు సార్. మా కోసమే నొప్పించారు. ఈమె శ్రావ్య, నా భార్య. మా పెళ్లికి సాక్షి విమల ఆంటీ."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మా ముందు వరుసలో ఒకావిడ తల దించుకుంది. చెప్పాల్సిందంతా చెప్పాకే దిగాను. ఆనాటి కోపం నాలో అలాగే ఉంది. మర్యాద కోసం దాన్ని మింగడం నాకు చేతకాదు. ఆ చేతకానితనం ఆంటీ దగ్గర నేర్చుకున్నదే.