లోపలి కొంగు మీది గుర్తు

ఇప్పటికి గూడ ఎవరన్న నా చీర అంచు పట్టుకొని "ఎక్కడ తీసుకున్నవు?" అని అడిగితే నేను గబుక్కున అంచు ఇడిపిచ్చుకుంట. పాపం, మెచ్చుకొనేటందుకే అడుగుతరు. నాకు మాత్రం సంగారెడ్డి హాస్టల్ పైమేడ యాదికొస్తది.

డెబ్బైల మొదట్ల మాట. పటాన్‌చెరు దిక్కు ఫ్యాక్టరీలు కొత్తగ లేస్తున్నయి. మా నాయన బొంతపల్లి కాడి ఊరు ఇడిసిపెట్టి వచ్చి ఓ ఫ్యాక్టరీల పనికి కుదిరిండు. అమ్మ మాత్రం కులపని ఇడువలె. పటాన్‌చెరుల కొత్తగ బంగళాలు కట్టినోళ్ల ఇండ్లకు పోయి మూటలు తెచ్చి, ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చేది. నన్ను సంగారెడ్డిల ఆడపిల్లల హాస్టల్ల ఏసి కాలేజీకి తోలిండ్రు. జేర్పించేటందుకు నాయనొచ్చిండు గనుక అక్కడందరికి నేను ఫ్యాక్టరీ ఆయన బిడ్డను. అమ్మ ఎన్నడు గేటు దాక రాలె. ఆదివారం బస్టాండుల కలిసి పోయేది. "నేను లోపలికొస్తె నీకే కష్టం బిడ్డా" అనేది. నాకు కోపమొచ్చేది గని, అది నిజమే.

హాస్టల్‌కు వార్డెనమ్మ ఉండె, పేరుకు. నడిపేది మాత్రం పైమేడ అక్కలు. పటేండ్ల బిడ్డలు, కంట్రాక్టర్ల ఇంటోళ్లు. వాళ్లదొక జట్టు. జట్టుల ఉన్నోళ్లకు నీళ్ల కాడ ముందు వంతు, బువ్వ కాడ మంచి బల్ల, ముందటేడు నోట్సులు. లేనోళ్లకు అన్నిటికాడ ఆఖరు. కొత్త పిల్లలు రెండు జడలేసుకోవాలె, నైలాన్ కట్టొద్దు, గట్టిగ నవ్వొద్దు. ఇగ కొత్తోళ్లకు స్వాగతం చెప్పే దినం మాత్రం అదే నైలాన్ చీర కట్టుకొని, దానికి కలిసే జాకెట్ తొడుక్కొని, పైమేడకు పోయి చూపిచ్చుకోవాలె. అది లేనిదాన్ని జట్టుల కలుపరు. ఏం న్యాయమో ఇది. కట్టొద్దనేది వాళ్లే, ఆఖరికి నీకు లేదేందే అని నవ్వేది వాళ్లే.

"నేను ఫంక్షన్‌కు పోను" అన్న, బస్టాండుల అమ్మతోని.

అమ్మ నవ్వింది. "మనింట్ల ఊరందరి చీరలున్నయి, నీకొక్కటి దొరకదా?"

మా ఇండ్లల్ల అది తప్పు గాదు. పెండ్లికి పోవాలంటె మా మామ ఉతుకుడుకొచ్చిన పటేలు ధోతి కట్టుకొని పోయేటోడు. వచ్చినంక మళ్ల ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి ఏమెరుగనట్టు ఇచ్చొచ్చేటోళ్లు. బట్టగల్లోళ్లకు గూడ సగం ఎరుకే, ఎవరడిగేటోళ్లు గాదు. ఒక్కటే కట్టుబాటు: ఎవరి బట్ట వాళ్ల కంట్ల పడొద్దు. పటాన్‌చెరు చీర సంగారెడ్డిల కడితె ఎవరు చూస్తరని అమ్మ ధీమా. శుక్రవారం మళ్లొచ్చి గులాబి రంగు నైలాన్ చీర పేపర్ల చుట్టి నా చేతుల పెట్టింది. సోమారం పొద్దుగాల ఆళ్లింట్ల ఉండాలె, జాగ్రత్త అన్నది. ఆ చీర మా అమ్మ మూటల చూసినదాన్నే, నాకు గూడ భయం పుట్టలె.

శనివారం పగటి పూట మమ్ముల కొత్తోళ్లను పైమేడకు పిలిచిండ్రు. జట్టుకు పెద్దగున్న అక్క మంచం మీద కూసున్నది. ఒక్కొక్కరిని పిలుచుడు, అంచు చూసుడు, జాకెట్ చూసుడు, చేతులు తిప్పి చూసుడు. సంతల బర్రెను చూసినట్టు. నా లోపల తిట్లు తిరుగుతున్నయి గని మొకం మాత్రం నవ్వుతున్నది. వరుసల నిలవడి కిటికీ దిక్కు చూసిన. కిటికీ చువ్వ మీద ఆ అక్క లంగా ఆరేసి ఉన్నది. దాని మూలకు మా అమ్మ గుర్తు.

ఇండ్ల బట్టలు కలిసిపోకుండ మేము ఇంటికో గుర్తు పెడతం, నల్లజీడి రసంతోని. ఎన్నిసార్లు ఉతికినా పోదు. అడ్డగీత, దాని కింద చుక్క. అదే గుర్తు నేను కట్టిన చీర లోపలి కొంగుకున్నది, నా నడుముకు చెక్కి ఉన్నది. అంటె ఈ చీర వచ్చిన బంగళా ఈ అక్క చుట్టాలది. అంటె ఈ చీర ఈమెదే గూడ కావచ్చు. పారిపోదామంటె ఎనుక మెట్ల మీద అందరు నిలవడ్డరు.

నా వంతొచ్చింది. అక్క అంచు పట్టుకొని చానసేపు చూసింది.

"ఎక్కడ తీసుకున్నవు?"

నేను కొంగు భుజం మీదికి సర్దుకున్న.

"నాది అచ్చం ఇట్లాంటిదే. పటాన్‌చెరుల మా పిన్ని ఇంట్ల ఉతుకుడుకు ఏసొచ్చిన. లోపలి కొంగు తియ్యి, చూస్త."

అందరి ముంగట కుచ్చిళ్లు పట్టుకొని లోపలి కొంగు గుంజిన. అడ్డగీత, చుక్క. అక్క లేచి లంగా తెచ్చి పక్కన పెట్టింది. ఎవరు నవ్వలె. దానికే నాకు మస్తు భయమైంది.

వార్డెనమ్మ వచ్చింది. ఆమె సంగతి అందరికి ఎరుకే. అంతకుముందే ఒక పిల్ల మీద పట్టగొలుసుల దొంగతనం మోపి, నిజమా కాదా తేలకముందే, ట్రంకుపెట్టె నెత్తిన పెట్టి బస్సెక్కిచ్చింది. నన్ను "ఎవరిచ్చారు?" అని అడిగింది. మా అమ్మ అంటె అమ్మ దొంగైతది, ఆ ఇంటి పని పోతది, నా సీటు గూడ పోతది. దొరికిందంటె నేనే దొంగనైత. నోరు తెరువలె. తెల్లారి వాచ్‌మన్‌ను పటాన్‌చెరు తోలి ఆ పిన్ని ఇంటి చాకలామెను తోలుకరమ్మంట అన్నది వార్డెనమ్మ. ఆమె ముంగటనే తేలుతదంట.

ఆ రాత్రి నేను దేవునికి ఒక్కటే మొక్కిన. అమ్మ ఊర్ల లేకుంటె బాగుండు, ఏ చుట్టం ఇంటికన్న పోయి ఉంటె బాగుండు అని.

తెల్లారినంక వాచ్‌మన్ ఎనుక అమ్మ గేటు దాటి వచ్చింది. అట్ల లోపలికొచ్చుడు అదే మొదలు. చెప్పులు గేటు కాడ ఇడిసింది. అరుగు మీద వార్డెనమ్మ, పెద్దక్క, ఎనుక పిల్లలందరు. నేను స్తంభం కాడ నిలవడ్డ. అమ్మ నా చేతుల చీర చూసింది, అక్కను చూసింది. ఆ చూపులనే ఆమెకు సంగతంత తెలిసిపోయినట్టు నాకు కనవడ్డది.

"ఈ పిల్ల నీకు తెలుసా?" అని అడిగింది వార్డెనమ్మ.

అమ్మా, చెప్పకు అని లోపల అంటున్న. చెప్పు అని గూడ అంటున్న.

అమ్మ నా మొకం దిక్కు ఒక్కతీరుగ చూసి, "తెల్వదమ్మా" అన్నది. "బస్టాండుల కనవడ్డది. ఒక్క పూటకు చీర కిరాయికి కావాలన్నది. నేనే ఆశకు పోయి ఇచ్చిన. ఎవరి చీరనో ఈ అమ్మకేం ఎరుక? తప్పంత నాది."

పిల్లలు కిసకిస నవ్విండ్రు. కిరాయి చీరనంట. అక్క మాత్రం నవ్వలె. "ఇగ మా పిన్ని ఇంటి ముంగట కనవడకు" అన్నది. "సరే దొరసానీ" అన్నది మా అమ్మ. అమ్మ ఉతికే ఇండ్లల్ల పెద్దది అదే.

నువ్వు కట్టినంక ఇగ అక్క కట్టదు, చీర ఆమెకే ఇచ్చెయ్ అన్నది వార్డెనమ్మ. నా చేతుల ఉన్న చీర దిక్కు చూసుకున్న. భయానికి నా చేతులు వాటంతట అవే దాన్ని మా ఇంటి మడతేసినయి, మూలకు మూల, అంచు లోపలికి. ఆ మడత చూస్తె నేనెవరి బిడ్డనో ఇట్టె తెలుస్తది. గబగబ మడత చెరిపిన. పైమేడ అక్కలు ఇడిసిన బట్టలు పడేస్తరే, అట్ల ఉండ చుట్టిన.

మెట్లు దిగి అమ్మ దగ్గరికి పోయిన. చేతికిద్దామని చెయ్యి చాపితె అమ్మ ఒక్కడుగు ఎనుకకు జరిగింది. తన కొంగు నేల మీద పరిచింది.

"ఇందుల ఎయ్యుండ్రమ్మా" అన్నది. నన్ను, మా అమ్మ, మీరు అన్నది.

పైనుంచి ఏసిన. అమ్మ ముంగట గొంతుకూసోని దాన్ని మూట కట్టింది. తల ఎత్తలె. గేటు కాడ చెప్పులు తొడుక్కొని రోడ్డెక్కింది.

నా సీటు నిలిచింది. వార్డెనమ్మ నా భుజం మీద చెయ్యేసి మెత్తగ చెప్పింది, "నువ్వు మంచి పిల్లవు. ఇకమీద అలాంటి వాళ్ల దగ్గరికి పోకు."

"పోనమ్మా" అన్న.