రికార్డు మనిషి

మా కంపెనీకి సేఫ్టీ చూసే అమెరికాయన కొత్తగ వచ్చిన రోజు ముదీర్, అంటే మా అరబ్బీ మేనేజరు, నన్ను పిలిచి, "ఏ రికార్డ్ మ్యాన్ హై, ఠీక్ సే దేఖో" అన్నడు. ముదీర్ హిందీల సగం అరబ్బీ. నా ఇంగ్లీషు జగిత్యాల బస్టాండు దాటలె. నాకు సమజైంది ఒక్కటే: ఈయన రికార్డులు రాసెటోడు.

మెస్సుకు వోయి మామకు చెప్పిన. సొంత మామ గాదు, మా పక్క ఊరాయన. క్యాంపు మెస్సుల వంట చేస్తడు, అందరికీ మామనే. గంటె పక్కకు పెట్టి నాదిక్కు చూసిండు.

"గదే రా! మన రికార్డే రాస్తడు. ఎవడు లేటొచ్చిండు, ఎవడు నీడపొంటి కూసున్నడు, అన్నీ రాసి ఆఫీసుల ఇస్తడు. నువ్వు డ్రైవర్‌వి, పొద్దుమూకులు ఆయన ఎంబడే ఉంటవు. ముందుగాల నీదే ఖలాస్."

అది రెండువేల నాలుగు. అరబ్బు దేశంల మఫ్రఖ్ అనే కాడ కంపెనీ క్యాంపుల ఉంటుండె మేము. దగ్గర్లనే ఇరాక్‌ల యుద్ధం నడుస్తుండె, అమెరికా పేరెత్తితే మెస్సుల గొంతులు తగ్గుతుండె. నా వీసా రెండు నెలలల్ల అయిపోతది. మల్ల కొడ్తరా, ఇంటికి తోలుతరా అన్నది పీఆర్వో చేతుల ఉంటది. పాస్‌పోర్టులు, వీసాలు చూసే ఆఫీసాయన. ఆయనకు ఎవడన్న మన మీద ఒక్క ముక్క రాసిచ్చిండంటే అయిపాయె. నా బిడ్డను అప్పుడే మెట్‌పల్లిల మంచి బడిల ఏసిన. అందుకే నాకు కంటి మీద కునుకు లేదు.

అమెరికాయన పొద్దుగాల అయిదింటికే ఉరుకుడు మొదలు వెడ్తడు. యాభై దాటినయి, తలంత తెలుపు, కాళ్లు తుమ్మకట్టెల్లెక్క ఉన్నయి. ఎడమ మడిమ ఎనుక జానెడు కుట్ల మచ్చ. ఎండల పడిపోతే కంపెనీకి చెడ్డ పేరని నీళ్ల సీసాలతోటి పికప్‌ల ఎంబడి పొమ్మన్నడు ముదీర్. తారు రోడ్డు దాక బండి పోతది. ఆడికెంచి టెలిఫోన్ టవర్ దాక అంత ఇసుక, టైర్లు దిగవడ్తయి. ఆయన సుట్టు తిరిగి టవర్ కాడికొస్తడు, నేను అడ్డంబడి సీసాలు పట్టుకోని ఉరకాలె. నేను బండి దిగంగనే దూరంకెంచి చెయ్యి లేపుతడు, చేరంగనే చేతిల గడియారం టక్కున ఒత్తుతడు. తర్వాత చిన్న బుక్కు తీసి రాస్తడు.

ఎందుకు రాస్తున్నవయ్యా? నీళ్లు తాగు, సప్పుడుజెయ్యక పో! పైకి మాత్రం "గుడ్ మార్నింగ్ సార్" అంటుంటి.

ఒకరోజు చాయ్ తాక్కుంట తన కథ చెప్పిండు. చేతులతోటి, వచ్చీరాని హిందీతోటి చెప్పిండు, సగం నేనే అర్థం జేసుకున్న. వయసుల ఉన్నప్పుడు గ్రౌండు సుట్టు ఇరవై అయిదు సుట్లు వాళ్ల దేశంల ఎవ్వడూ ఉరకనంత జల్ది ఉరికిండట. పేపర్లల్ల ఫోటో వచ్చిందట, బూట్ల కంపెనీ బూట్లు వంపిందట. మూడేండ్లకు ఇంకొకడు ఆ రికార్డు కొట్టిండు. అప్పుడు హోటల్ల బువ్వ తింటున్నడట, రేడియోల ఇని చెంచ కింద పెట్టి, లేచి ఉరకవోయిండట. మల్ల పెద్ద పందేలల్ల దిగితే మడిమ నరం తెగింది. బూట్లు బందైనయి, ఫోటోలు బందైనయి. ఉరుకుడు మాత్రం ఆపరేషనైనంక ఒక్కరోజు గూడ తప్పలేదట. రోజూ బుక్కుల రాస్తనే ఉన్నడట.

నేను నమ్మలె. మామ అస్సలే నమ్మలె. "రికార్డు కొట్టినోడు మఫ్రఖ్ దుమ్ముల ఎందుకుంటడు రా? నిన్ను మాటలల్ల వెట్టి ముచ్చట గుంజుతున్నడు" అన్నడు. నాకూ అదే అనిపించింది. కుక్క తరమంగ ఉరుకుతం, బస్సు పోతుంటె ఉరుకుతం. ఊకెనే ఉరికేటోణ్ణి ఎవడు నమ్ముతడు?

ఒకనాడు ఆయన బండికానుకోని కాళ్లు సాగదీసుకుంటుంటే బుక్కు సీటు మీద కనవడ్డది. తెరిచిన. నా పేరు ఇంగ్లీషుల నాకు చదువొస్తది. పేజీ పైన నా పేరే! కింద వరుసగ తారీఖులు, నిమిషాలు. ఆఖరు లైన్ పక్కకు రెండక్షరాలు, సుట్టు రెండుసార్లు గీత గీసిండు. పీ, ఆర్.

పీఆర్వోకు పోయే కాయితమే ఇది. ఆఖరుకు 'ఓ' అక్షరం రాసుడే తక్కువుంది.

ఆ రోజంత బువ్వ తినలె. పొద్దుగూకే ముందు ముదీర్ కాడికి వోయిన. "సార్, అమెరికాయన రోజూ టవర్ కాడికి వోతడు, గడియారం చూస్తడు, బుక్కుల రాస్తడు. ఎందుకో నాకు తెల్వది." గంతే అన్న. అన్నీ నిజాలే, ఒక్క అబద్ధం లేదు. ముదీర్ మొఖం మాడిపోయింది. ఆ రోజులల్ల టవర్, గడియారం, అమెరికా అనే మూడు మాటలు ఒక్కకాడ పడితే ఎవనికైన బుగులే.

మర్నాటికెంచి ఆయనను గేటు దాటనియ్యలె. నెలాఖరుకు కాంట్రాక్టు ఖలాస్ అన్నరు. ఆ పదిహేను రోజులు ఆయన క్యాంపు లోపల్నే నీళ్ల ట్యాంకుల సుట్టు ఉరికిండు. బట్టల తీగల కింద తలకాయ వంచుకుంట, బ్రష్షులు నోట్లె పెట్టుకోని చూసెటోళ్ల నడుమ, సుట్లు లెక్కవెట్టుకుంట. మావోళ్లు నవ్విన్రు. నేను గూడ నవ్విన. నవ్వకపోతే నా మీద అనుమానమొస్తదని నవ్విన.

ఏర్‌పోర్టుకు తీసుకపోయే డ్యూటీ నాకే పడ్డది, చూడున్రి కర్మ. బండి దిగేటప్పుడు బుక్కులకెంచి ఒక కాయితం చింపి నా చేతిల పెట్టిండు. నా పేరున్న పేజీ. పీఆర్ మీద ఏలు వెట్టి, "సార్, పీఆర్వో?" అన్న.

ఆయనకు ఒక గడియ సమజ్‌గాలె. సమజైనంక ఇంత పెద్దగ నవ్విండు. "నో, నో! పర్సనల్ రికార్డ్. తుమ్హారా రికార్డ్!" సీసాలు పట్టుకోని నేను ఇసుకల ఉరికిన రోజులన్నిట్ల ఆ గీత గీసిన రోజే అన్నిటికంటె జల్ది ఉరికిన్నట. ఎనబై ఏండ్ల ముసల్ది లెక్క బూట్లీడ్చుకుంట ఉరికినందుకు నాకు గూడ రికార్డట!

తర్వాత నవ్వు ఆపి అడిగిండు. "ముదీర్‌కు ఎవరు చెప్పిన్రు? నీకు తెలుసా?"

"నో సార్," అన్న.

నా మొఖం దిక్కే చూసిండు. తెలిసే అడిగిండో, తెల్వకనే అడిగిండో ఇప్పటికీ నాకు అంతు వట్టలె. చెయ్యి కలిపి లోపలికి వోయిండు.

వారం దినాలకు పీఆర్వో నన్ను ఆఫీసుకు పిలిచి పాస్‌పోర్టు ఇచ్చిండు. వీసా కొట్టి ఉంది. నా మీద ఎవరన్న ఏమన్న చెప్పిన్రా అని అడిగితే, ఆ మలబారాయన హిందీల అన్నడు, "ఎందుకంత భయం? నీ మీద ఎవ్వడూ ఏం చెప్పలే. ఆ అమెరికాయన ఒక్కడే పోయే ముందు రాసిచ్చిండు, ఈ డ్రైవర్ మంచోడు, ఇంటికి పంపియ్యకున్రి అని."

మెస్సుకొచ్చిన. మామ పప్పు కలుపుతున్నడు.

"ఏమైంది రా? రాసిండా ఏమన్న నీ మీద?"

"రాసిండు మామా. నువ్వన్నట్టే నా రికార్డు రాసిండు," అన్న. ఆడనే బియ్యం బస్తా మీద కూలవడి, అందరూ చూస్తుండంగ ఏడ్చిన.