మస్కట్ నుంచి బొంబాయికి పట్టుపోగు

డెబ్బైల చివర నేను ధర్మవరంలో హైస్కూలు పంతులుగా ఉన్నాను. నేతవాళ్ల వీధిలో అద్దెకుండేవాణ్ణి. పక్కింట్లో రెండు మగ్గాలు. ఒకటి అన్నది, ఒకటి చెల్లెలిది. చెల్లెలి భర్త, మగ్గం మీద ఇల్లు గడవక, తాపీ పనికి మస్కట్ పోయాడు.

ఆ ఎండాకాలం ఆమెకు కామెర్లు ముదిరాయి. భర్తకు టెలిగ్రాం ఇస్తే, బుధవారం పొద్దుటి విమానానికి బయల్దేరుతున్నానని జవాబు వచ్చింది. బుధవారం తెల్లవారకముందే ఆమె పోయింది.

ఆ వీధిలో శవాన్ని పొద్దు గూకేలోపల ఎత్తేస్తారు. అంతలోపల భర్త వచ్చి మొహం చూసుకోగలడా అన్నదొక్కటే ప్రశ్న. ఆమె అన్న నా దగ్గరికొచ్చి పటాల పుస్తకం అడిగాడు. అరుగు మీద పరిచి, మస్కట్ నుంచి బొంబాయికి ఒక పట్టుపోగు పెట్టి గోటితో నొక్కాడు. అదే పోగును బొంబాయి నుంచి మా ఊరికి పెట్టాడు. సగం కూడా పట్టలేదు. పుట్టినప్పటి నుంచి పోగులు కొలిచిన చేయి అది.

విమానం బొంబాయికి ఎంతసేపని అడిగితే మూడు గంటల లోపే అన్నాను.

“మూడు గంటల్లో అంత దూరం వచ్చేటోడు ఈ రవ్వంత దూరం రాలేడా అయ్యోరా?”

బొంబాయిలో దిగి రాత్రి రైలెక్కాలని, మర్నాడు గుంతకల్లులో రైలు మారాలని, ఎట్లా చూసినా గురువారం రాత్రి అవుతుందని చెప్పాను. విన్నాడు. తలూపాడు. బయటికి పోయి బావ సాయంత్రానికి వస్తాడని అందరికీ చెప్పాడు. పెద్దలు సరే, చూద్దామన్నారు.

వీధి బావి ఎండిపోయి అప్పటికే చాలా రోజులు. బండి మీద వచ్చిన నీళ్లలో గుడ్డలు తడిపి ఆమె మీద కప్పుతూ వచ్చారు. కప్పినంతసేపు కూడా పట్టేది కాదు, ఆరిపోయేవి. మధ్యాహ్నం దాటాక ఆడవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఒక ముసలామె గుడ్డ తొలగించి చూసి, మళ్లీ కప్పింది.

“వాడొచ్చినా చూడాల్సిన మొగం కాదప్పా ఇది. ఎత్తండి.”

అన్న ఇంకొక్క బస్సు చూద్దామని బతిమాలాడు. ఆ బస్సూ వచ్చింది. ఎత్తారు.

భర్త శుక్రవారం రాత్రి వచ్చాడు. మర్నాడు పొద్దున మా అరుగు మీద కూర్చుని, వాళ్లు ఏ పొద్దుకు ఎత్తారని అడిగాడు. చెప్పాను.

“మధ్యాన్నమే దిగినా, అప్పటికింకా నేను బొంబాయిలో విమానాల కాడ రాని పెట్టె కోసరం నిలబడుకోనుంటి. ఆయమ్మికి తెచ్చిన చీరలుండాయి దాంట్లో. వద్దనుకోని వచ్చేసింటే ఆ రాత్రి రైలు దొరికేది.”

ఆ రైలు దొరికినా గురువారం రాత్రికే చేరేవాడని, అప్పటికి మట్టి చేసి ఒక రోజు దాటేదని, గంటలతో సహా వివరించాను.

“అంటే ఎట్లొచ్చినా మొగం చూసేటోణ్ణి కాదు.”

“కాదు,” అన్నాను.

వెళ్లిపోయాడు. సాయంత్రం మళ్లీ వచ్చి ఆ రైలు బొంబాయిలో ఎప్పుడు బయల్దేరుతుందని అడిగాడు. మొదటి నుంచి చెప్పాను. తిరిగి మస్కట్ పోయేదాకా రోజూ వచ్చి అడిగేవాడు. రోజూ ఆ లెక్కే చెప్పేవాణ్ణి.