దేవ్లా చేతిగడియారం

పాల్వంచ పవర్‌హౌస్‌లో టర్బైన్ల దగ్గర షిఫ్టు డ్యూటీ చేసే దేవ్లా, సెలవు దొరికితే వెంకటరామారావు ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడు. బక్కమనిషి. ఎవరైనా పలకరిస్తే మొహం చిట్లిస్తాడు. డ్యూటీలో చెవులకు పెట్టుకునే రబ్బరు బిరడాలనే స్టేజీ మీదా పెట్టుకుంటాడు. ప్రోగ్రాముకు ముందోసారి, తర్వాతోసారి, తన కీ ఇచ్చే చేతిగడియారాన్ని విప్పి రెండు చెవులకూ ఆనించుకుంటాడు. ప్రోగ్రామయ్యాక ఆ టిక్కుటిక్కు వినపడకుండా చేసిన ఆంప్లిఫయర్‌ను మళ్లీ ముట్టడు. చిన్న ఆంప్లిఫయర్‌నే కుర్చీ మీదికెత్తి తన చెవివైపు తిప్పుకుంటాడు. తన వాయింపు తనకు వినపడితే ఇక సౌండు పెంచే పని ఉండదంటాడు.

ఆ సాయంత్రం దమ్మపేటలో వెంకటరామారావు మనిషెత్తు ఆంప్లిఫయర్ దింపించి, సరిగ్గా దేవ్లా వీపు వెనకే పెట్టించాడు. "గిది నాకొద్దు సార్. చిన్నదాని ముందల మైకు పెట్టిస్తే ఊరంత ఇనొస్తది," అన్నాడు దేవ్లా. "ఇరవయ్యేళ్లుగా ఇంతకంటే పెద్దవాటి పక్కనే నిలబడ్డాను. నా చెవులకేమైందిరా?" అని అరిచాడు వెంకటరామారావు. దేవ్లా చేతి గడియారం విప్పి అందించాడు. ఆయన దాన్ని కుడిచెవికి ఆనించుకున్నాడు, ఎడమచెవికి మార్చాడు, విసురుగా దేవ్లా ఛాతీ మీదికి గిరాటేశాడు. "ఆగిపోయిన గడియారం పట్టుకొచ్చి నాకు పాఠాలు చెబుతున్నావా?"

దేవ్లా దాన్ని చేతికి కట్టుకుంటూ చూశాడు. ఆరుంబావు. సెకన్ల ముల్లు తిరుగుతూనే ఉంది. "అవ్ సార్, ఆగిపోయింది," అని, రబ్బరు బిరడాలు చెవుల్లో దూర్చుకున్నాడు.