వినోద కూత

వినోద కూతకు వెళ్తే అవతలి జట్టుకు చెమటలు పట్టేవి. మనూర్ మహిళల కబడ్డీ జట్టుకు ఆమే బలం. పగలంతా పత్తి బస్తాలు మోసి, సాయంత్రం చెలకలో గీత గీసుకుని ఆడేది. మగపిల్లాడిగా పుట్టింది. ఊహ తెలిసిన నాటి నుంచీ తాను ఆడపిల్లనే అంది. తండ్రి దేవప్ప తన్ని తగలేశాడు. తల్లి లక్ష్మవ్వ మాత్రం ఎల్లమ్మ గుడికి తీసుకెళ్లి, అమ్మవారు పూని పలికే శివసత్తిని చేసింది. అప్పటి నుంచి జాతర రోజున ఊరు ఊరంతా ఆమె కాళ్లకు మొక్కి, నొసట పసుపు బండారు పెట్టించుకుంటుంది. మిగతా రోజుల్లో అదే ఊరు ఆమె పక్కన కూర్చుని చాయ్ కూడా తాగదు. భక్తి అంత చౌక మరి!

వినోదకు ఆ మొక్కులు అక్కర్లేదు. కబడ్డీ గీత లోపల ఆమె అమ్మవారు కాదు, ఆటగత్తె. ఆమెకు కావలసింది అదొక్కటే.

పత్తి ఏరడం అయిపోయాక నారాయణఖేడ్‌లో పోటీలు పెట్టారు. ఫైనల్లో కంగ్టి జట్టు ఎదురైంది. ఆట మొదలుకాకముందే వాళ్ల కెప్టెన్ శివాని అడ్డం తిరిగింది.

"నిరుడు గీమె పట్టుకుంటే నా భుజం జారింది. గది ఆడమనిషి పట్టు గాదు. పోలీసు సెలక్షన్లకు పోవాల్సినదాన్ని. మళ్ల దెబ్బ తాకితే ఎవరు జిమ్మేదార్?"

వినోదకు ఒళ్లు మండింది. కానీ ఆ పిల్ల అబద్ధం చెప్పడం లేదు. జారిన భుజాన్ని వినోద కళ్లారా చూసింది. ఏళ్లుగా హార్మోన్ల మందులు మింగుతున్నా, తన బలం పుట్టుకతో వచ్చిందో బస్తాలతో వచ్చిందో ఆమెకే తెలియదు.

పోటీలు పెట్టిన సుభాష్ ఆధార్ కార్డు అడిగి చూశాడు. "స్త్రీ అనే ఉన్నది గదా. ఇగ లొల్లి బంద్ చెయ్యుండ్రి" అన్నాడు. వినోద ఊపిరి పీల్చుకుని గీత వైపు నడిచింది.

అంతలో జనంలోంచి లక్ష్మవ్వ దూసుకొచ్చింది. బిడ్డను ఒక్క మాట అంటే ఊరుకునే మనిషి కాదామె.

"నా బిడ్డను గిట్లంటరా? ఆమె ఎవలనుకుంటుండ్రు? మొగపుటక పుట్టినా ఎల్లమ్మ ఏరికోరి తన బిడ్డను చేసుకున్నది! ఊరంత కాళ్లు మొక్కుతరు. మీరు గూడ మొక్కుండ్రి!"

'మొగపుటక' అన్న మాట చెవిన పడగానే మైదానమంతా వినోద వైపు తిరిగింది. నిజంగానే ఒక ముసలామె వచ్చి వినోద కాళ్లకు మొక్కింది. సుభాష్ కూడా చేతులు జోడించాడు. జోడించి, "తప్పయింది తల్లీ. నువ్వు బయట కూసో" అన్నాడు.

ఆ తర్వాత చుట్టుపక్కల ఏ పోటీలోనూ ఆమెను ఆడనివ్వలేదు. లక్ష్మవ్వకు అసలేం జరిగిందో అర్థం కాలేదు. "గంతమంది మొక్కిండ్రు గదా, ఆడనియ్యరేందే?" అని అడుగుతూనే ఉంది. వినోద తల్లిని ఒక్క మాట అనలేదు. బిడ్డకు లోకంలో దొరికిన ఒకే ఒక గౌరవాన్ని అడ్డం పెట్టి కాపాడబోయింది, పిచ్చి తల్లి.

జాతర వచ్చింది. లక్ష్మవ్వ మాట కంగ్టి దాకా పాకినట్టుంది, ఈసారి అక్కడి జనం కూడా ఆటోల్లో దిగారు. వరుసలో శివాని ఉంది. తల్లి భీమమ్మ వెనక నుంచి నెట్టగా వినోద కాళ్లకు మొక్కి, తల ఎత్తకుండానే అడిగింది.

"అమ్మా, సెలక్షన్లల్ల గెలుస్తనా?"

ఇలాంటప్పుడు అమ్మవారి మాట చెప్పాలి. వినోద నోట అది రాలేదు.

"నాతోని ఆడితె గద తెలిసేది" అంది.

వినోద శివాని నొసట బండారు పెట్టి, ఆ భుజం మీద చెయ్యి వేయబోయి, వెనక్కి తీసుకుంది.